ఎర్రచేపకు ఊదుపొగ

పోయిన వారం పన్ను పీకించుకుందామని మేడ్చల్‌ల డాక్టర్ కాడికి పోయి, పన్నుతోనే ఇంటికి తిరిగొచ్చిన. సూదికి భయపడి కాదు, చేపకు భయపడి. నవ్వేటోళ్లు నవ్వుకోండ్రి.

బస్సు డిపో దాటినంక మెట్లెక్కి పోతే ఉంటది ఆ దవాఖాన. పేరు రాయించుకొని, దవడ పట్టుకొని కుర్చీల కూసున్న. ఎదురుంగ గోడ పొడుగూతా అద్దాల తొట్టి, అండ్ల ఒక్కటే చేప. ఎర్రది. మూరెడు పొడుగు, గడ్డం కింద రెండు మీసాలు, రూపాయి బిళ్లలంత పొలుసులు. అటు పోయి ఇటొచ్చి, ఇటొచ్చి అటు పోయి, ఆఖరికి నా ముంగట ఆగింది. కన్ను కిందికి దించి చూసింది. నా పక్కన దవడ వాచిన ముసలాయన ఉన్నడు, ఆయన పక్కన చంటిపిల్లనెత్తుకున్న తల్లి ఉన్నది. వీళ్లల్ల ఎవరి గండానికి అడ్డం నిలవడ్డవే నువ్వు అని నా లోపల ఎవరో అడిగినట్టనిపించింది. అది నా గొంతు కాదు, మా పెద్దమ్మ గొంతు. లోపల నుంచి నా పేరు పిలుస్తున్నా ఆగకుండ మెట్లు దిగొచ్చిన.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పోయిన ఎండకాలం పోయింది. శామీర్‌పేటల వాళ్లది పెద్ద ఇల్లు. నేను నాగారంల ఉంట, తుర్కపల్లిల మందుల కంపెనీల పని చేస్త. కంపెనీ బండి వాళ్ల గల్లీ ముంగటికెళ్లే పోతది కాబట్టి వారంల ఒకసారన్న దిగి, ఆమె చేతి చాయ తాగి, నాలుగు మాటలు పడి పోతుంటి.

భయం అందరికీ ఉంటది. పెద్దమ్మ భయం వేరే తీరు. వంట చేసినట్టు, బట్టలుతికినట్టు, రోజూ దానికింత పొద్దు పెట్టుకొని కుదురుగ భయపడేది. అన్నాలు తిన్నంక మిగతోళ్లు నడుం వాలుస్తే, ఈమె గ్యాసు బంద్ చేసిందా లేదా అని చూసొచ్చేది, ఎనకింటి తలుపు గొళ్లెం పట్టి గుంజి చూసేది, మెట్ల మీద నీళ్లేమన్న పడ్డయా అని చెయ్యి పెట్టి తడిమేది. ఎవరన్న గడప దాటి మళ్లేదో మర్చిపోయి ఎనకకొస్తే, కూసోబెట్టి మంచినీళ్లు తాగిస్తెనే గాని పోనిచ్చేది కాదు. ఫోన్ మోగితే మొదటి మోతకు ఎత్తకపోయేది. పుస్తెలు కండ్లకద్దుకొని, ఇంకో రెండు మోతలు పోనిచ్చి అప్పుడెత్తేది. ఎందుకట్ల అంటే, మంచి కబురైతే ఆగుతది బిడ్డా, చెడ్డదైతే మనమే జర ఆగినట్టైతది అంటుండె.

నేను బండి ఎక్కంగనే ఫోన్ చేసేది. ఎక్కినవా, కూసున్నవా అని కాదు అడిగేది, డ్రైవర్ కండ్లు ఎర్రగున్నయా చూసి చెప్పు అని. నేను నిజంగనే ముందుకు వంగి ఆ అద్దంల ఆయన కండ్లు చూసేదాన్ని. ఆ అబ్బాయి ఏమనుకున్నడో ఏమో, కొన్ని దినాలకు అద్దం పక్కకు తిప్పుకున్నడు. అది చెప్తె పెద్దమ్మ మస్తు నవ్వింది. ఆమె నవ్వంగ చూసుడు అరుదు. నవ్వినంక కూడ, ఇంత నవ్వినం, ఏమైతదో అని ఎదురుంగ ఉన్న చెక్క తలుపు ముట్టుకున్నది.

ఇసొంటి మనిషి ఇంట్లకు, నేను దవాఖానల చూసినసొంటి ఎర్రచేపే ఒకటొచ్చింది.

పెద్దనాయినకు చెరువు కింద భూములుండె. అవి ప్లాట్లు చేసి అమ్మి, ఆ పైసలతోని ఇంకో కాడ వెంచరేసి, నాలుగు కార్లు, రెండంతస్తుల ఇల్లు, లీడర్ల తోని దోస్తానా, అన్నీ అయినయ్. అన్నీ అయినంక గుండె నొచ్చింది. స్టెంట్లు ఏసి పంపిర్రు. అప్పుడెవరో వాస్తు చెప్పేటాయన వచ్చి ఇల్లంత తిరిగి, ఇంటి పెద్దకు గండమున్నది, హాల్ల ఉత్తరం దిక్కు నీళ్లు పెట్టి ఎర్ర అరోవానా చేపను సాకండ్రి అన్నడట. గండం అన్న మాట పడ్డంక మా పెద్దమ్మ చెవులకు ఇగ ఏదీ ఎక్కలే.

చేప వచ్చిననాడు నేను ఆడనే ఉన్న. తొట్టి దింపుతుంటెనే పెద్దమ్మ మొఖం మాడిపోయింది. మనిషిని పండుకోబెట్టేంత పొడుగుండె అది. చేపల దుకాణమాయన నీళ్లు నింపి, గాలి మోటరు పెట్టి, సంచిల తెచ్చిన చేపను మెల్లగ వదిలిండు. వదిలి, దాని గొప్ప చెప్పుడు మొదలుపెట్టిండు. ఇది ఉత్తుత్త చేప కాదు, దీని ఒంట్ల బియ్యం గింజంత చిప్ ఉంటది, సర్కారు కాయిదాలు లేకుండ దేశం దాటది అన్నడు. వీటి నదులు సముద్రం అవుతల ఏడనో ఉన్నయట, ఆడ అడవులు కొట్టిర్రు, ఉన్న చేపలన్నీ ఇట్ల తొట్ల కోసం పట్టుకపోయిర్రు, ఇప్పుడా నీళ్లల్ల చూద్దామంటే దొరుకుడు కష్టం, బతికేదంత ఇట్ల అద్దాల్లనే అని చెప్పిండు. పెద్దనాయిన మీసం మీద చెయ్యి వేసుకున్నడు. అంత అరుదైనది మనింట్ల ఉన్నదని ఆయనకు సంబురం.

తర్వాత దుకాణమాయన అసలు మాట చెప్పిండు. ఇంటికొచ్చే గండాన్ని ఈ చేప తన మీదేసుకుంటదట. అందరూ బాగున్నదన్నరు. పెద్దమ్మ ఒక్కతే కొంగు నోటికడ్డం పెట్టుకొని అడిగింది.

"ఏసుకుంటే, దానికేమైతది?"

"చచ్చిపోతదమ్మా. ఇంటోళ్లు బతుకుతరు. మీరు ఇంకోటి తెచ్చుకోవాలె, అంతే."

"వాటి ఊర్లనే లేకపాయె అన్నవు. ఇంకోటి దొరుకకపోతే?"

ఆయన నవ్విండు. పెద్దనాయిన, నీకన్నీ అనుమానాలే అని లోపలికి పోయిండు. ఆమె మాత్రం ఆనాటి సంది ఆ ప్రశ్ననే పట్టుకొని బతికింది. చేప బతికున్నన్ని దినాలు మొగడు బతుకుతడు. చేపకేమన్నైతే గండం గడప దాకొచ్చినట్టు. ఇంకో చేప దొరుకకుంటే ఇగ నడుమ అడ్డం ఎవ్వరూ లేనట్టు. ఇది ఆమె లెక్క. ఎంత చెప్పినా ఈ లెక్క నుంచి బయటికి రాలే.

ఇగ చూడండ్రి, కండ్లల్ల పెట్టుకొని సాకింది. మొదటి దినం దానికి భయపడి గోడకానుకొని నడిచిన మనిషే, నెల తిరగకముందే దాని ముంగట పీట వేసుకొని కూరగాయలు కోసుడు మొదలుపెట్టింది. ఆ చేప దునుకుతదని, మూత ఎత్తుకొని బయట పడ్తదని ఎవరో అంటే, మూత మీద ఈ కొసకొకటి ఆ కొసకొకటి పొత్రం రాళ్లు పెట్టించింది. చేపను అది, ఇది అనకపోయేది. ఆయన అనేది. పెద్దనాయిననూ ఆయనే అనేది. ఆయన పొద్దటి సంది ఏం తింటలేడు అంటే, ఏ ఆయన పెద్దమ్మా అని మేం అడగాల్సొచ్చేది.

మృగశిర నాడు మా దిక్కు చేప తినని ఇల్లుండది. శామీర్‌పేటల ఆనాడు గల్లీ గల్లీకి చేపల పులుసు వాసనే. పెద్దమ్మ చేతి పులుసంటే నేను సెలవు పెట్టి పోయేదాన్ని. అరోవానా వచ్చినంక ఆ ఇంట్ల చేప వండుడు బందైంది. పెద్దనాయిన గులిగి, గులిగి, పక్కింటోళ్లు పంపిన గిన్నె తెప్పించుకున్నడు. ఈమె వంటింటి తలుపేసి, తొట్టికి తన పట్టుచీర అడ్డం కట్టి, జల్ది తినయ్యా, ఆయన చూస్తడు అని మొగని మీద నిలవడ్డది. మేం నవ్వలేక సచ్చినం. ఆమె నవ్వలే. మూతి కడుక్కొని, నోట్ల యాలక్కాయ వేసుకుంటే గాని పెద్దనాయినను హాల్లకు రానియ్యలే.

ఒకనాడు అదే పీట మీద కూసొని చిక్కుడుకాయ ఒలుసుకుంట, నా దిక్కు చూడకుండనే అన్నది. "చెరువుల మట్టి పోసి ప్లాట్లు చేస్తిమి. ఇప్పుడు ఇంట్ల చెరువు పెట్టుకొని కూసున్నం. గండం మనకు కాకపోతే ఎవరికొస్తది బిడ్డా? పాపం ఈయన ఏం చేసిండని ఈయన మీద పడాలె?" అప్పటి సంది నాకూ ఆ చేప దిక్కు చూడాల్నంటే అదోలెక్క ఉండేది.

ఇగ ఆ శుక్రవారం సంగతి చెప్పాలె.

రెండు దినాల సంది చేప తిండి ముట్టలేదు. అంతకుముందు దినమే పెద్దనాయిన ఎడమ చెయ్యి గుంజుతాందన్నడు. ఈ రెండూ ఒక్కసారే వచ్చేసరికి పెద్దమ్మ రాత్రంత కూసునే తెల్లార్చింది. పొద్దుగాలనే పెద్దనాయినను డ్రైవర్నిచ్చి పట్నం దవాఖానకు తోలింది. నాకు ఫోన్ చేసి, రాగలుగుతవా అన్నది. రమ్మని ఎన్నడూ అనేది కాదు. ఆ గొంతు విని నేను డ్యూటీ వదిలేసి, ఆటో పట్టుకొని పోయిన.

పోయేసరికి ఇల్లంత పొగ. శుక్రవారం శుక్రవారం ఆ ఇంట్ల ఊదు వేస్తరు. సాంబ్రాణినే మేం ఊదు అంటం. కొబ్బరి చిప్పల నిప్పు చేసి, మీద పిడికెడు ఊదు పొడి చల్లి, మూల మూలకు తిప్పుతరు, ఇంట్ల చెడ్డదేదున్నా పోతదని. ఎప్పుడైనా తొట్టి దాటుకొని జర దూరం నుంచే తిప్పేది. ఆనాడు మాత్రం ధూపం పళ్లెం తొట్టి కిందనే పెట్టి, పిడికిళ్లకు పిడికిళ్లు పోస్తాంది. ఆయనకు దిష్టి తగిలింది బిడ్డా, అందుకే తింటలేడు అన్నది.

దోమల మందు కొట్టొద్దని దుకాణమాయన మొదటి దినమే చెప్పి పోయిండు. ఆమె ఆ ఇంట్ల దోమల మందే కాదు, దోమల చుట్ట కూడ ముట్టియ్యనియ్యలే. వానకాలం వీధిల పొగ మిషనొస్తే కిటికీలన్నీ మూసి, సందులకు తడిబట్టలు కుక్కేది. కాని ఊదు మందు కాదు గదా. దేవుని పొగ అది. దాంతోని ఎవరికన్న కీడైతదని మా ఇండ్లల్ల ఎవరనుకుంటరు? నేనూ అనుకోలే.

గాలి మోటరు తొట్టి ఎనక, కింద ఉంటది. ఇంట్ల గాలే గుంజి పైపుల నుంచి నీళ్లల్లకు పంపుతది. నేను ఆమె పక్కన నిలవడి చూస్తున్న. నీళ్లల్ల బుడగలు ఎప్పటి లెక్క మీదికొస్తున్నయ్. మీదికొచ్చి పగులుతున్నయ్. పగిలిన ప్రతి బుడగల నుంచి ఇంత తెల్లటి పొగ లేస్తాంది. ముందుగాల ఏంది ఈ చిత్రం అనుకున్న. మోటరు ఊదుపొగనే గుంజి నీళ్లల్లకు పంపుతాందని అప్పుడర్థమైంది. వంగి మోటరు పీకేసిన, పళ్లెం తీసుకపోయి బయట పారేసిన, తలుపులన్నీ తెరిచిన. పెద్దమ్మకు చెప్పాల్సిన పని లేకుండె, ఆమె కూడ బుడగలే చూస్తాంది. చేప ఒక పక్కకు ఒరిగి, మళ్ల నిలవడి, మళ్ల ఒరిగింది. ఆమె పొత్రం రాళ్లు ఎత్తి అవుతలేసి, చెంబుతోని నీళ్లు ముంచి మీది నుంచి పోసుడు మొదలుపెట్టింది, అట్ల పోస్తే నీళ్లకు గాలి తగులుతదని. చెయ్యి నొస్తది నేను పోస్త అన్నా ఇయ్యలే. ఎంత పోసినా లాభం లేకపోయింది.

చేప మీదికి తేలినంక ఆమె కూలవడ్డది. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే, నా మణికట్టు పట్టుకున్నది. ఆ పట్టు ఇప్పటికీ యాదికున్నది.

"ఇది గండం తీసుకొని పోలే. నేను చంపిన," అన్నది. "అది ఇంకా వస్తనే ఉన్నది బిడ్డా. ఇప్పుడు అడ్డమెవ్వరూ లేరు."

పొద్దుగూకే యాళ్లకు పెద్దనాయిన తిరిగొచ్చిండు. గుండెకేం కాలేదు, నరం పట్టిందంతే అన్నరట. వచ్చి తొట్టి చూసిండు. లుంగీ ఎగ్గట్టుకొని, రెండు చేతులతోని చేపను బయటికి తీసి, మొఖం దగ్గరికి తెచ్చుకొని చూసిండు. ఆనంక గట్టిగ నవ్విండు. పోయింది, గండం పోయింది, చెయ్యి గుంజిన నాడే ఇది సచ్చిందంటే ఇంకేం కావాలె అన్నడు. పెరట్ల జామచెట్టు కింద దాన్ని బొంద పెట్టి, మిఠాయి తెప్పించి వాడకట్టంత పంచిండు. దుకాణమాయనకు ఫోన్ చేసి ఇంకో ఎర్రది చెప్పిండు. కాయిదాలు రావాలె, ఎన్ని దినాలైతదో చెప్పలేనన్నడట ఆయన.

పెద్దమ్మ మిఠాయి తినలే. నిజం చెప్తె ఆయన గుండె ఆగుతదని ఆమె భయం. చెప్పకపోతే ఆయన ఏ జాగ్రత్త లేకుండ తిరుగుతడని ఇంకో భయం. ఎవ్వరికీ చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నది. ఇగ ఆ ఇంట్ల ఖాళీ తొట్టి, అండ్ల నీళ్లు, లైటు, మోటరు, అన్నీ నడుస్తనే ఉండె. తియ్యనియ్యలే ఆమె. ఊదు వేసుడు బంద్ చేసింది. ఒకసారి పోయేసరికి ఆమె మంచం హాల్లకొచ్చింది. తొట్టి పక్కన, ఇంటి తలుపుకు, పెద్దనాయిన పండుకునే అర్రకు సరిగ్గ నడుమ. ఏంది పెద్దమ్మా ఇది అంటే, ఎవరో ఒకరు అడ్డముండాలె గదా అన్నది, పాలు పొంగుతయ్ చూడు అన్నంత మామూలుగ. చాయ సగంల వదిలేసి వచ్చిన.

పోయిన ఎండకాలం, ఒక మధ్యాహ్నం, ఆ మంచం మీదనే పోయింది. నిద్రలనే. ఏ రోగం లేకుండె ఆమెకు. ఎంత సుఖమైన సావు అన్నరు అందరు. నేనొక్కదాన్నే మంచం ఏడున్నదో చూసుకుంట నిలవడ్డ.

దవాఖాన మెట్లు దిగొచ్చిన మర్నాడే పెద్దనాయిన ఫోన్ చేసిండు. ఎప్పుడో చెప్పిన చేప ఇప్పుడొచ్చింది, రేపు శుక్రవారం, ఇల్లు పాడుబడ్డట్టున్నది, వచ్చి జర ఊదు వేసి పోవా బిడ్డా అన్నడు. కాదనలేకపోయిన.

కొత్త చేప చిన్నది, ఇంకా ఎరుపు తిరగలే. ఖాళీ హాల్ల అది ఒక్కటే తిరుగుతాంది. పెద్దనాయిన చిక్కిపోయిండు. మంచం ఆడనే ఉన్నది. నేను వంటింట్ల నిప్పు చేసి, పొడి చల్లకముందే వచ్చి, తొట్టి ఎనక చెయ్యి పెట్టి మోటరు బంద్ చేసిన. ఎందుకు బంద్ చేసినవ్ అని అడుగుతడని, సప్పుడైతాంది పెద్దనాయినా అనే జవాబు కూడ తయారు పెట్టుకున్న.

ఆయన అడగలే. నా చెయ్యి దిక్కు చూసి తల ఊపిండు.

"ఆనాడు చేతుల్లకు తీసుకుంటెనే తెల్సింది నాకు," అన్నడు. "చేపకు ఊదు వాసన ఎట్లొస్తది?"

తెల్సి మిఠాయి ఎందుకు పంచినవ్ అన్న. గండం పోయిందంటే ఆమె జర నిమ్మలంగ పండుకుంటదనుకున్నడట. తనే చంపిన అనుకొని కుమిలిపోతదని, ఊదు వాసన సంగతి ఆమెకు చెప్పలేదట. ఆమె హాల్లకు మంచం తెచ్చుకున్ననాటి సంది ఆయనకూ నిద్ర లేదట. అర్రల పండుకొని, తలుపు సందుల నుంచి ఆమె ఊపిరి వింటుండెనట. ఒకరికి తెల్వకుండ ఒకరు అన్ని దినాలు అదే ఇంట్ల భయపడుకుంట పండిర్రు. నాకు ఏడుపాగలే.

కొంగుతోని మొఖం తుడుసుకొని, ఇప్పుడు ఈ మంచం మీద ఎవరు పండుకుంటున్నరు అని అడిగిన.

"నేనే."

"ఎవరి కోసం పెద్దనాయినా? ఇంట్ల ఇంకెవరున్నరు?"

ఆయన తొట్టి దిక్కు చూసిండు. "గీని కోసం. నా గండానికి గీడు సచ్చుడేంది? వాళ్ల ఊర్లనే లేకపాయిరి. నన్ను దాటి పోనియ్య."

నేను నిప్పుల మీద నీళ్లు చల్లిన. ఆనాడు ఊదు వెయ్యలే. మోటరు మళ్ల పెట్టిన, బుడగలు మీదికొచ్చినయ్, ఉత్త గాలివే. ఇద్దరం ఆ మంచం మీదనే, ఈ కొసకు ఆయన, ఆ కొసకు నేను కూసొని, వాటినే చూసుకుంట ఉన్నం.

జర సేపటికి ఆయన ఫోన్ మోగింది. నేను ఆయన దిక్కు చూసిన, ఆయన నా దిక్కు చూసిండు. మొదటి మోతకు ఎవ్వరం ఎత్తలే.